వైజాగ్ ఉక్కలో కొండలెక్కడం: ఏ నెలలో ఎక్కడికి, ఎన్ని గంటలకు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హైదరాబాద్ నుంచి మధురవాడకు ఉద్యోగం మీద వచ్చి ఎనిమిది నెలలైంది, హిమాలయాల్లో రెండు ట్రెక్కులు చేసిన అనుభవం ఉంది, 41 డిగ్రీల ఎండలో కూడా వికారాబాద్ దగ్గర కొండల్లో తిరిగిన మనిషి మీరు. అలాంటిది మొన్న ఏప్రిల్‌లో మాధవధార వైపు నుంచి సింహాచలం కొండ మెట్లెక్కుతుంటే సగంలోనే కళ్ళు తిరిగి కూలబడిపోయారు, ఫోన్‌లో చూస్తే 34 డిగ్రీలే ఉంది. "నాకేమైనా గుండె జబ్బా, లేకపోతే వైజాగ్‌లో ట్రెక్కింగ్ అనేది చలికాలం రెండు నెలలకే పరిమితమా?" అని అడిగారు.

ముందు గుండె సంగతి. కళ్ళు తిరిగాయి కాబట్టి ఒకసారి డాక్టర్‌కి చూపించి ఈసీజీ తీయించుకోండి, అది ఇక్కడ కూర్చుని నేను తేల్చే విషయం కాదు. అది బాగానే ఉంటే మిగతాదంతా ఉక్క చేసిన పనే. నేను గోపాలపట్నంలో, అదే కొండకి ఇవతలి వైపు పుట్టి పెరిగాను, పాతికేళ్ళుగా ఊరి చుట్టుపక్కల కొండలూ ఏజెన్సీ కొండలూ తిరుగుతున్నాను. హైదరాబాద్ నుంచీ, రాయలసీమ నుంచీ వచ్చిన గట్టి మనుషులు మొదటి ఏడాది ఇక్కడ ఇలాగే పడిపోవడం చాలాసార్లు చూశాను. "34 డిగ్రీలేగా" అనుకోవడం దగ్గరే అసలు తప్పు జరుగుతోంది.

కొండ ఎక్కేటప్పుడు కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో దగ్గర దగ్గర మూడొంతులు వేడిగానే మారుతుంది. ఆ వేడిని ఒళ్ళు బయటికి పంపాలంటే చెమట పడితే చాలదు, ఆ చెమట ఆరాలి. హైదరాబాద్‌లో మే నెల మధ్యాహ్నం 41 డిగ్రీలున్నా గాలిలో తేమ 20 శాతం ఉంటుంది కాబట్టి చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది, చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు మిగులుతాయి. వైజాగ్‌లో తేమ 75 శాతం ఉన్న రోజున చెమట ఆరకుండా మోచేతి మీదుగా కారి నేల మీద పడుతుంది. నేల మీద పడిన చెమట మిమ్మల్ని ఒక్క పిసరు కూడా చల్లబరచదు, ఆ నీరూ ఆ ఉప్పూ ఊరికే నష్టపోయినట్టే. థర్మామీటర్ గుండుకి తడిగుడ్డ చుట్టి గాలి తగిలేలా ఉంచితే ఎంత చూపిస్తుందో అదే అసలు కొలత, వెట్ బల్బ్ ఉష్ణోగ్రత అంటారు దాన్ని. ఆ లెక్కన 41 డిగ్రీల పొడి ఎండ సుమారు 23 దగ్గర ఆగితే, మన 34 డిగ్రీల ఉక్క సుమారు 30కి చేరుతుంది. అది 35కి చేరితే ఆరోగ్యంగా ఉన్న మనిషి నీడలో ఊరికే కూర్చున్నా ఒంట్లో వేడి బయటికి పోదు. కొండ ఎక్కుతున్నవాడికి ఆ హద్దు అంతకంటే చాలా కిందే వచ్చేస్తుంది. కాబట్టి ఫోన్‌లో ఉష్ణోగ్రత పక్కన తేమ ఎంతుందో కూడా చూసే అలవాటు చేసుకోండి. మార్చి మొదలు అక్టోబరు దాకా నేను చూసేది మొదట అదే.

ఇంకో సంగతి, మీ ఇల్లు ఏసీ, కారు ఏసీ, ఆఫీసు ఏసీ. వైజాగ్‌లో ఎనిమిది నెలలున్నా మీ ఒంటికి వైజాగ్ వాతావరణం ఇంకా పరిచయం కాలేదన్నమాట. ఎండకి ఒళ్ళు అలవాటు పడాలంటే రోజూ గంటో గంటన్నరో ఆ వేడిలో కదులుతూ 10 నుంచి 14 రోజులు గడపాలి. అప్పుడు చెమట తొందరగా పట్టడం మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది, గుండె దడ తగ్గుతుంది. మూడు నాలుగు వారాలు మానేస్తే ఆ అలవాటు మళ్ళీ పోతుంది. అందుకే ఏడాదికోసారి సంక్రాంతి సెలవుల్లో ఏజెన్సీకి వెళ్ళి, మళ్ళీ ఏప్రిల్‌లో హఠాత్తుగా కొండెక్కేవాళ్ళే ఎక్కువగా ఇబ్బంది పడతారు. ఏసీ మానేయమని అనడం లేదు. సాయంత్రం ఆఫీసు అయ్యాక ఎండాడ నుంచి రుషికొండ వైపు ఓ గంట చురుగ్గా నడవండి చాలు, రెండు వారాల్లో తేడా మీకే తెలుస్తుంది.

ఇక మీరు ఎక్కిన దారి గురించి. మాధవధార తీరానికి కొన్ని కిలోమీటర్లు లోపలికి ఉంటుంది. వేసవిలో పొద్దెక్కేకొద్దీ సముద్రపు గాలి మొదలై తీరం వైపు తిరిగిన వాలులకి తగులుతుంది, అందుకే కైలాసగిరి మెట్ల మీదా తొట్లకొండ మీదా పది గంటలకి కూడా కాస్త ఊపిరాడుతుంది. లోపలికి మాధవధార, గోపాలపట్నం వైపు వచ్చేసరికి ఆ గాలి బలం తగ్గిపోతుంది, పైగా ఎండకి కాలిన రాయి వేడి కక్కుతూ ఉంటుంది. అదే రోజు, అదే సమయంలో, అదే 34 డిగ్రీల్లో మీరు తొట్లకొండ ఎక్కి ఉంటే మహా అయితే ఆయాసపడేవారు, కూలబడిపోయేవారు కాదు. మా నాన్నగారి కాలంలో మెట్లదారిన మొక్కుకి వెళ్ళేవాళ్ళు చీకటితో బయలుదేరి పొద్దు పొడిచేసరికి పైన గంగధారలో స్నానం చేసేవాళ్ళు. అందులో భక్తి ఎంత ఉందో తెలివి కూడా అంతే ఉంది.

పదేళ్ళ కిందట మే నెలలో అదే కొండ మీద జరిగింది చెబుతాను, ఎందుకంటే ఇది ఎవరికి వాళ్ళు గుర్తుపట్టలేరు, పక్కనున్నవాళ్ళే గుర్తుపట్టాలి. మేం నలుగురం, అందులో ఒకడు మా బావమరిది. టిఫిన్లు చేసి బయలుదేరేసరికి ఏడున్నర దాటింది. దిగేటప్పుడు తొమ్మిదీ ముప్పావుకి అతని బూటు లేసు ఊడింది. మెట్టు మీద కూర్చుని రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకున్నాడు, అంతే, తర్వాత ఏం చేయాలో తెలియనట్టు వాటినే చూస్తూ ఉండిపోయాడు. నేను ముందు నవ్వాను. "ఏరా, కట్టు" అంటే సరే అన్నాడు, కట్టలేదు. వాళ్ళ చిన్నమ్మాయి పేరు అడిగితే మా అక్క పేరు చెప్పాడు. ఒళ్ళంతా చెమటతో తడిసే ఉంది. వడదెబ్బ అంటే చెమట ఆగిపోయి ఒళ్ళు పొడిగా కాలిపోవడమే అని చాలామంది అనుకుంటారు, నడుస్తూ ఎక్కుతూ వచ్చే వడదెబ్బలో చెమట పడుతూనే ఉండొచ్చు. గుర్తు పట్టాల్సింది మాట తడబడటం, మనిషి తికమకగా ఉండటం, కాళ్ళు తూలడం. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటినప్పుడు మెదడు ముందు తడబడుతుంది.

వెంటనే జీడిమామిడి చెట్టు నీడకి మోసుకెళ్ళి, చొక్కా విప్పి, మా దగ్గర మిగిలిన మూడు సీసాల నీళ్ళూ తల మీద, మెడ మీద, చంకల్లో పోసి ఇద్దరం తుండుగుడ్డలతో విసురుతూనే ఉన్నాం, ఒకడు 108కి ఫోన్ చేశాడు. తాగించే ప్రయత్నం చేయలేదు, స్పృహ సరిగ్గా లేని మనిషికి నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇరవై నిమిషాలకి "ఏమైంది బావా" అన్నాడు. ఆసుపత్రిలో డాక్టరు ఇంకాసేపు ఆలస్యమై ఉంటే కిడ్నీలు దెబ్బతినేవి అన్నారు. ముందు చల్లబరచడం, ఆ తర్వాతే మోసుకెళ్ళడం, ఈ వరస మీతో వచ్చే ప్రతి మనిషికీ చెప్పి ఉంచండి. అప్పటి నుంచి ఏప్రిల్, మే, జూన్ నెలల్లో నా నియమం ఒకటే, ఎనిమిదిన్నరకల్లా కొండ దిగిపోయి ఉండాలి. శిఖరం ఇంకా పది నిమిషాల దూరంలో ఉన్నా సరే, వెనక్కి తిరగాల్సిన టైమ్ అయితే తిరగాల్సిందే. మే ఆఖరు, జూన్‌లో ఇక్కడ ఐదూ ఇరవై ప్రాంతంలోనే సూర్యోదయం, నాలుగున్నరకి కొండ కింద ఉంటే మూడున్నర నాలుగు గంటలు హాయిగా దొరుకుతాయి. మే రెండో వారంలోనూ ఆగస్టు మొదట్లోనూ మన అక్షాంశానికి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు, మనిషి నీడ కాళ్ళ కిందే ఉండిపోతుంది, చెట్టు మొదట్లో తప్ప ఎక్కడా నీడ దొరకదు. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయని ఊరికే అనలేదు.

నీళ్ళ గురించి ఎవరినడిగినా "బాగా తాగండి" అంటారు. బాగా అంటే ఎంత? దానికి ఇంట్లో బరువు చూసుకునే మిషనే జవాబు చెబుతుంది. బయలుదేరే ముందు తక్కువ బట్టలతో బరువు చూసుకోండి, వచ్చాక ఒళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసుకోండి. కిలో తగ్గితే లీటరు నీరు పోయినట్టు, దానికి దారిలో తాగింది కలపాలి. నా సంగతే తీసుకుంటే, మే నెలలో రెండు గంటల నడకకి 72 నుంచి 70.4కి దిగాను, మధ్యలో లీటరు తాగాను, అంటే 2.6 లీటర్ల చెమట. డిసెంబరులో అదే దారికి దాంట్లో సగం కూడా పోదు. ఒంటి బరువులో 2 శాతం నీరు తగ్గిందంటే నడక మందగించడం మీకే తెలుస్తుంది. గంటకి ముప్పావు లీటరు చొప్పున, ఒకేసారి గటగటా కాకుండా పావుగంటకి నాలుగు గుక్కలు తాగడం చాలామందికి సరిపోతుంది. గంటకి లీటరు పైన తాగినా కడుపు పట్టుకోలేదు.

వట్టి నీళ్ళే లీటర్లకి లీటర్లు తాగడం కూడా ప్రమాదమే, రక్తంలో సోడియం పలచబడిపోతుంది, వాంతులు, తలనొప్పి, తికమక వస్తాయి, చూసినవాళ్ళు వడదెబ్బ అనుకుని ఇంకా నీళ్ళు తాగిస్తారు. రెండు గంటలు దాటే నడకకి ఓఆర్‌ఎస్ ఉండాల్సిందే. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసుకోండి, లీటరుకి ఒక ప్యాకెట్ మొత్తం, అరలీటరు సీసాలో ప్యాకెట్ అంతా కుమ్మరించకండి. దొరక్కపోతే లీటరు నీళ్ళలో ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు, చెంచా తలకొట్టి కొలవాలి. నా మట్టుకు నాకు ఇంటి దగ్గర తాగి బయలుదేరడానికి తరవాణీని మించింది లేదు. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచి, పొద్దున్న ఆ పులిసిన నీళ్ళలో ఉప్పు, ఉల్లిపాయ ముక్క. అనంతగిరి పైన ఊళ్ళలోకి వెళితే చోడి అంబలి, అంటే రాగి అంబలి ఇస్తారు, ఆనపబుర్ర దొప్పతో ముంచి ఇస్తారు చూడండి, చల్లగా, కొంచెం పుల్లగా, తాగిన గంటన్నర దాకా ఆకలీ దాహమూ గుర్తురావు. పోడు కొండ మీద పగలంతా పనిచేసేవాళ్ళు దాన్నే నమ్ముకున్నారు.

సింహాచలం గిరిప్రదక్షిణ చూశారా? ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు కొండ కింద తొలిమెట్టు, తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక, మాధవధార, గోపాలపట్నం మీదుగా కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. జులై ఉక్కలో లక్షల మంది, అందులో అరవై దాటినవాళ్ళూ చెప్పుల్లేనివాళ్ళూ, పూర్తి చేస్తారు. ఎలాగంటే చాలామంది పొద్దు వాలాక నడుస్తారు, జనం మధ్య పరుగెత్తే వీలుండదు కాబట్టి నెమ్మదిగా నడుస్తారు, అడుగడుక్కీ ఎవరో ఒకరు ఉప్పు వేసిన మజ్జిగో పులిహోరో చేతిలో పెడతారు. నేను మీకు ఇంతసేపూ చెబుతున్నది ఆ రాత్రి జనం ఎప్పటి నుంచో చేస్తున్నదే. వచ్చే ఏడాది మీరూ నడవండి, మీ ఒళ్ళు ఎంతవరకు అలవాటు పడిందో ఒక్క రాత్రిలో తెలిసిపోతుంది.

బట్టల విషయంలో చిన్న మాట. కాటన్ చొక్కా మంచిదని అందరూ అంటారు, ఊళ్ళో తిరగడానికి మంచిదే, కానీ ఇక్కడి ఉక్కలో రెండు గంటలు ఎక్కితే అది చెమట పీల్చుకుని తడి గోనెపట్టాలా ఒంటికి అతుక్కుంటుంది, తొడలూ చంకలూ ఒరుసుకుపోతాయి. పలచటి, తొందరగా ఆరే, వదులుగా ఉండే పొడుగు చేతుల చొక్కా వేసుకోండి, ఒరుసుకునే చోట్ల కొబ్బరినూనె రాయండి. తొట్లకొండ లాంటి నీడలేని చోట గొడుగు తీసుకెళ్ళడానికి మొహమాటపడకండి, తల మీద అంత నీడ ఏ టోపీ ఇవ్వదు.

వేసవిలో ఏజెన్సీకి వెళితే చల్లగా ఉంటుందా అంటే, ఉంటుంది, కానీ అనుకున్నంత కాదు. వెయ్యి మీటర్లు ఎక్కితే దాదాపు ఆరు డిగ్రీలు తగ్గుతుంది, అరకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, ఆ లెక్క వేసుకోండి. అక్కడ తేమ తక్కువగా ఉండటం వల్ల తేడా ఇంకా ఎక్కువ అనిపిస్తుంది, రాత్రులు హాయిగా ఉంటాయి. ఇబ్బంది ఎక్కడంటే, కిరండూల్ ప్యాసింజర్‌లో పొద్దున్న బయలుదేరి బొర్రాలో దిగేసరికే పొద్దెక్కిపోతుంది, ఇక మీరు నడక మొదలుపెట్టేది సరిగ్గా మొదలుపెట్టకూడని టైమ్‌లో. చలికాలానికి ఆ రైలు బంగారం, వేసవికి మాత్రం ముందురోజు సాయంత్రమే వెళ్ళి రాత్రి అక్కడ ఉండండి. మార్చి, ఏప్రిల్‌లో ఇంకో రెండు సంగతులు, ఎండుటాకు మీద మంటలు, ఇప్పచెట్ల కింద ఎలుగుబంట్లు. ఇప్పపువ్వు రాలే రోజుల్లో తెల్లవారుజామున ఆ చెట్ల కింద నుంచి ఒంటరిగా వెళ్ళకండి, ఊళ్ళో మనిషిని తోడు తీసుకోండి.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా మధ్యాహ్నాలు, మళ్ళీ సెప్టెంబరు, అక్టోబరుల్లో పిడుగులు పడతాయి. పొద్దున్నే దిగిపోవడం వల్ల ఒకే దెబ్బకి రెండు పిట్టలు, ఎండా తప్పుతుంది, పిడుగూ తప్పుతుంది. మెరుపు కనిపించాక ఉరుము వినిపించేలోపు ముప్పై లెక్కపెట్టలేకపోతే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉంది, శిఖరం మీద నుంచి వెంటనే దిగిపోవాలి, చివరి ఉరుము విన్నాక అరగంట దాకా మళ్ళీ ఎక్కకూడదు. ఒంటరి తాటిచెట్టు కింద, చింతచెట్టు కింద నిలబడకండి. దామిని యాప్ ఫోన్‌లో పెట్టుకోండి, దగ్గర్లో పిడుగులు పడుతుంటే చెబుతుంది.

ఇప్పుడు మీరున్న ఆగస్టు గురించి. వానాకాలంలో మన కొండలు ఎంత అందంగా ఉంటాయో మాటల్లో చెప్పలేను, జూన్ దాకా ఎర్రగా మాడిపోయిన కంబాలకొండ నెల తిరిగేసరికి కన్ను ఆనని పచ్చదనమైపోతుంది. ఎండ తగ్గింది కదా అని ఉక్క తగ్గదు, మబ్బు కింద గాలి ఆడని రోజున ఇంకా ఎక్కువే ఉంటుంది, కాబట్టి నీళ్ళ లెక్క అలాగే ఉంచండి. ఇక్కడ కొండలు ఎక్కువగా ఖోండలైట్ అనే రాయి, అది పాతబడి ఎర్రమట్టిగా, చిన్న చిన్న పెళ్ళలుగా రాలుతుంది. పొడి నేల మీద ఆ గులకరాళ్ళు కాలి కింద గోళీల్లా దొర్లుతాయి, తడిస్తే పైన ఎర్రమట్టి జిగటగా జారుతుంది, నీళ్ళు పారే రాతి మీద పాకుడు పడుతుంది. కాలు విరగ్గొట్టుకున్నవాళ్ళలో నాకు తెలిసిన అందరూ దిగేటప్పుడే పడ్డారు. దిగేటప్పుడు అడుగు చిన్నది చేసి, మోకాలు కొంచెం వంచి, పక్కవాటుగా దిగండి, చేతిలో వెదురు కర్ర ఉంచుకోండి. కొత్త బూటు కంటే అరిగిపోని అడుగున్న బూటు ముఖ్యం.

గెడ్డలు, అంటే కొండవాగుల గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. ఒక జులైలో కటికి జలపాతం వైపు వెళ్ళాం, పొద్దున్న దాటిన చిన్న గెడ్డలో నీరు చీలమండ దాకా కూడా లేదు, బూట్లు విప్పకుండా రాళ్ళ మీద గెంతి దాటాం. మా మీద ఒక్క చినుకు పడలేదు. మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి ముందు చప్పుడు మారింది, గలగల పోయి బరువైన హోరు. దగ్గరికి వచ్చి చూస్తే నీరు టీ రంగులోకి తిరిగి, పచ్చి ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నాయి. పైన ఎక్కడో కొండల్లో వాన పడిందన్నమాట. మాతో వచ్చిన ఊరి కుర్రాడు ఒడ్డున ఒక రాయికి ఆకు అంటించి, నీరు ఆ ఆకుని ముంచిందా వదిలిందా చూస్తూ కూర్చున్నాడు. మూడు గంటలు. మాలో ఒకాయనకి రైలు టెన్షన్, "తొడలదాకానే కదా, చేతులు పట్టుకుని దాటేద్దాం" అన్నాడు. ఆ కుర్రాడు కదల్లేదు, మేమూ కదల్లేదు. వేగంగా పారే నీరు మోకాలు దాటితే పెద్ద మనిషిని కూడా పడేస్తుంది. రంగు మారినా, చప్పుడు మారినా, ఆకులు రావడం మొదలైనా ఒడ్డెక్కి ఆగండి, కొండవాగు ఎంత తొందరగా పొంగుతుందో అంత తొందరగా తీస్తుంది కూడా. అరకు దగ్గర చాపరాయిలో నున్నటి బండ మీద నీళ్ళు చూడటానికి పిల్లల ఆటలా ఉంటాయి, అక్కడ జారి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు, వానాకాలంలో ఆ బండ మీదికి దిగొద్దు.

పాములకి భయపడి మానేయక్కర్లేదు. చీకట్లో టార్చి లేకుండా నడవకపోవడం, చూడకుండా రాళ్ళ సందుల్లో చెయ్యి పెట్టకపోవడం, చీలమండ కప్పే బూట్లు, ఇవి చాలు. ఎవరినైనా కరిస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ వద్దు, ఆ కాలో చెయ్యో కదలకుండా పుల్లకి కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకుని, విషానికి ఇంజెక్షన్ ఉన్న పెద్ద ఆసుపత్రికి, ఊళ్ళో అయితే కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ఆసుపత్రికి) తీసుకెళ్ళాలి. నాటు మందుల దగ్గర గడిపిన గంట తిరిగి రాదు. ఏజెన్సీలో రాత్రి ఉంటే దోమతెర తప్పనిసరి. తిరిగి వచ్చిన నెలలోపు జ్వరం వస్తే డాక్టర్‌కి "పాడేరు వైపు వెళ్ళొచ్చాను" అని మీరే చెప్పి మలేరియా పరీక్ష అడగండి. ఒంటి మీద ఎక్కడైనా సిగరెట్ కాల్చినట్టు నల్లటి చెక్కు కనిపిస్తే అదీ చూపించండి, అది గడ్డిలో ఉండే సన్నటి పురుగు వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ కావచ్చు, తొందరగా పట్టుకుంటే మామూలు మందులకే తగ్గుతుంది.

అక్టోబరు, నవంబరు మీలాంటివాళ్ళని ఎక్కువ మోసం చేసే నెలలు. ఒకవైపు అరకులో వలిసె పూలు, ఆకాశం కడిగినట్టు ఉంటుంది, మరోవైపు బంగాళాఖాతంలో అల్పపీడనం, వాయుగుండం, తుఫాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కంబాలకొండ, కైలాసగిరి మీద చెట్లు ఎలా పడిపోయాయో చూసి నాకు ఏడుపొచ్చింది, నేను ఏళ్ళ తరబడి ఎరిగిన దారి ఎక్కడుందో నాకే తెలియలేదు. పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వార్తల్లో వచ్చిందంటే ట్రెక్ రద్దు చేసుకోండి, బుకింగ్ డబ్బులు పోతే పోనివ్వండి. తుఫాను వెళ్ళిపోయిన మర్నాడు ఆకాశం బాగుందని పరుగెత్తకండి, నానిన కొండచరియలు, సగం విరిగి వేలాడే కొమ్మలు ఇంకో వారం దాకా పడుతూనే ఉంటాయి, ఘాట్ రోడ్డు కూడా అంతే.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య దాకా పండగే, దాని గురించి అందరూ రాస్తారు కాబట్టి నేను ఎక్కువ రాయను. పాడేరు దగ్గర వంజంగి కొండ మీద నుంచి మేఘాలు చూడాలంటే రాత్రి ఆకాశం నిర్మలంగా, గాలి లేకుండా ఉండాలి. అప్పుడే చల్లగాలి లోయలోకి దిగి మంచు పేరుకుంటుంది, పైన నిలబడితే పాలసముద్రంలా కనిపిస్తుంది, ఎండ ముదిరేకొద్దీ కరిగిపోతుంది. మబ్బు పట్టిన రాత్రి తెల్లారి వెళ్ళి ఏమీ కనబడలేదని తిట్టుకునేవాళ్ళు ఎక్కువ. ఇంకో పొరపాటు, కింద చలికి స్వెట్టర్ వేసుకుని ఎక్కుతారు, లోపలంతా చెమట, పైకి వెళ్ళి గాలిలో గంటసేపు సూర్యుడి కోసం నిలబడేసరికి పళ్ళు టకటకలాడతాయి. పలచటి చొక్కాతో ఎక్కండి, పైన తడి బనీను మార్చుకుని అప్పుడు స్వెట్టర్ వేసుకోండి. లంబసింగికీ ఇదే మాట, అక్కడ చలి కొన్ని రాత్రులు సున్నా దగ్గరికి కూడా దిగుతుంది, కొర్రబయలు అని ఆ ఊరికి పేరు ఊరికే రాలేదు, బయట పడుకున్నవాడు కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతాడని. డిసెంబరులో సాయంత్రం ఐదున్నరకే పొద్దు గూకుతుంది, జూన్ కంటే గంట ముందే, మధ్యాహ్నం మూడింటికి కొత్త దారి మొదలుపెట్టకండి. చలికాలంలో అలవాటయ్యాక కోరాపుట్ వైపు 1,672 మీటర్ల దేవమాలి కూడా చూసి రండి.

ఒక విన్నపం. ఇవి మన్యంవాళ్ళ ఇళ్ళూ పొలాలూ, మన పిక్నిక్ స్పాట్లు కావు. వంజంగిలో ఆదివారం మధ్యాహ్నం మిగిలే ప్లాస్టిక్ కప్పులు చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. తీసుకెళ్ళిన ప్రతి కవరూ తిరిగి తెచ్చుకోండి, గైడుగా ఆ ఊరి కుర్రాడినే పెట్టుకోండి, బేరమాడకండి. కంబాలకొండలో చిరుతలున్నాయి, టికెట్ తీసుకుని, అటవీశాఖ చెప్పిన దారిలో, వాళ్ళు చెప్పిన టైమ్‌లోనే నడవండి. యారాడ కొండ వైపు నేవీ బోర్డు ఉన్న చోట ఆగిపోండి.

మీకు ఇప్పుడేం చేయమంటానంటే, రెండు వారాలు సాయంత్రం నడక, ఆ తర్వాత ఒక ఆదివారం తెల్లవారుజామున తొట్లకొండ, మరో ఆదివారం కైలాసగిరి మెట్లు రెండుసార్లు, మాట్లాడుతూ ఎక్కగలిగే వేగంతో. మాట తెగిపోతుంటే ఆగండి. సెప్టెంబరు ఆఖరికి మళ్ళీ మాధవధార మెట్లకి రండి, ఐదింటికి కింద కలుద్దాం. వచ్చే ముందు బరువు చూసుకుని రాయండి, దిగాక మళ్ళీ చూసుకుందాం, మీ నీళ్ళ లెక్క అక్కడే తేల్చేద్దాం.